బొట్టు చూసి పెట్టిన చార్జరు

నరసన్నపేటలో బ్యాటరీ బండికి చార్జరు కొనడానికి మా బావ కొట్టుకు వెళ్ళినవాడు చార్జరుతోనే తిరిగి వస్తాడన్న నమ్మకం లేదు. ముందు బండి తెమ్మంటాడు. బండి తెస్తే సీటు ఎత్తి బ్యాటరీ చూస్తాడు. ఆ తరువాత ఇంట్లో ప్లగ్గు ఎక్కడుంది, మీటరు నుంచి తీగ ఎంత దూరం లాగారు, సాయంత్రం లైట్లు మసకబారతాయా, పక్కింటివాళ్ళు మోటారు వేస్తే మీ ఫ్యాను నెమ్మదిస్తుందా అని అడుగుతాడు. పెళ్ళి సంబంధానికి కూడా మనవాళ్ళు అన్ని ఆరాలు తీయరు. సగం మంది విసుక్కుని హైవే పక్కనున్న కొట్టుకు పోతారు. అక్కడ ఏ ప్రశ్నా ఉండదు. రంగురంగుల లైట్లు వెలిగే పెట్టె చేతిలో పెట్టి పంపిస్తారు.

మా బావ పేరు నగరేశ్వరరావు, మా చెల్లెలు కన్యాకుమారి భర్త. నా పుస్తకాల కొట్టూ అతని బ్యాటరీల కొట్టూ ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నాయి. అందుచేత అతను చేజార్చుకున్న ప్రతి బేరాన్నీ చెవులారా విన్నవాణ్ణి నేను. నాకు కోపం ఎక్కువ. అతనికి ఆ దినుసు పుట్టుకతోనే లేదు. కొనేవాడు తిడుతుంటే కూడా "తీగ సన్నంగా ఉంటే మార్పించు బాబూ" అని వెనకనుంచి చెబుతూనే ఉంటాడు. అలాంటివాడితో చుట్టరికం కలిస్తే మన కోపం అంతా మనమే మింగాలి.

వాళ్ళ నాన్నది గోనె సంచుల వ్యాపారం. ప్లాస్టిక్ సంచులు రావడంతో అది పడుకుంది. అప్పుడు బావ ట్రాక్టరు బ్యాటరీల్లోకి దిగాడు. మా వైపు రైతులు పొలాల్లో దమ్ములు అయిపోయాక ట్రాక్టరును పాకలో పెట్టి దాని సంగతే మరిచిపోతారు. మళ్ళీ అవసరం వచ్చిన రోజున తాళం తిప్పితే టిక్కుమంటుంది తప్ప కదలదు. బ్యాటరీని భుజాన వేసుకుని పరుగెత్తుకొస్తారు. "బేగి ఎక్కించీ సావుకారూ, అదును పోతన్నాది" అంటారు. ఇంకొకరైతే పెద్ద చార్జరు తగిలించి, ఒక్క పూటలో బ్యాటరీని మరిగించి ఇచ్చేస్తారు. బావ మాత్రం నెమ్మదిగా ఎక్కే చార్జరు పెట్టి "రేపు రా" అంటాడు. రైతు తిట్టుకుంటూ పోతాడు. పై ఏడు కూడా అదే బ్యాటరీతో ట్రాక్టరు కదిలినప్పుడు మాత్రం ఆ తిట్లు మరిచిపోతాడు.

అలా తిట్లు తిని తిని సంపాదించుకున్నాడు ఒక పేరు. "సావుకారు సెప్పినాడా? అయితే మరింక మాటాడకు" అనేవారు పల్లెల్లో. అతని దగ్గర అంతకు మించిన ఆస్తి ఏదీ నాకు కనపడలేదు. కొట్టులో సరుకు కూడా ఆ మాట మీదే కదిలేది.

తరువాత బ్యాటరీ ఆటోలు వచ్చాయి, వాటితో తలనొప్పీ వచ్చింది. కొన్నిటికి సీటు కింద నీళ్ళు పోసే పాతరకం బ్యాటరీలు, కొన్నిటికి లిథియం బ్యాటరీలు. రెండిటి చార్జర్లూ నల్లటి పెట్టెలే. రెండిటి మీదా నలభై ఎనిమిది వోల్టులు అనే రాసి ఉంటుంది. చాలా బళ్ళకు ప్లగ్గు కూడా ఒకటే పడుతుంది. కానీ నీళ్ళ బ్యాటరీ చార్జరును లిథియానికి పెడితే అది నిండిన చోట ఆగదు, ఇంకా తోస్తూనే ఉంటుంది. లిథియం బ్యాటరీ లోపల కాపలాకని ఒక చిన్న బోర్డు ఉంటుంది. అది బాగుంటే కరెంటును ఆపేస్తుంది. వానకు తడిసో, గోతుల్లో అదిరో ఆ బోర్డు పోయి ఉంటే ఇక ఆపేవాడు లేడు. బ్యాటరీ ఉబ్బుతుంది, ఆ తరువాత మంటే.

ఇదంతా బావ ప్రతివాడికీ వివరించేవాడు. వాళ్ళు తలలూపి, ఇంటికెళ్ళి చేతికి దొరికింది పెట్టుకునేవారు. చివరికి మా చెల్లెలికి విసుగొచ్చింది. తన గోళ్ళ రంగు సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. "లిథియం బండికీ దాని సార్జరికీ ఎర్ర సుక్క ఎట్టండి. నీళ్ళ బ్యాటరీదైతే తెల్ల సుక్క. సుక్కకి సుక్క కలిస్తేనే పెట్టుకోమని సెప్పండి. మీ ఉపన్యాసం ఎవడికి గావాలి?" అంది. ఆ ఉపాయం పల్లెలన్నిటికీ పాకింది. బావ పొంగిపోయాడు. నేను కూడా మెచ్చుకున్నాను, అది మా చెల్లెలి తెలివి గదా.

చుక్క వేయించుకుని వెళ్ళినవాళ్ళలో పద్మకుమారి ఒకర్తి. పేటకు దగ్గరి పల్లె ఆమెది. మొగుడు నవీన్ గరివిడి ఫ్యాక్టరీలో పని, సెలవు రోజున ఇంటికొచ్చి పోతుంటాడు. ఈమె లిథియం ఆటో నడుపుతుంది. పొద్దున్న బడిపిల్లలు, తరువాత పేట బజారుకు వచ్చే ఆడవాళ్ళు. మొగుడి అన్న నరసింగరావుకు ఇది మొదటినుంచీ గిట్టదు. ఇంటి కోడలు హ్యాండిలు పట్టుకుని రోడ్లమ్మట తిరగడమేమిటని ఆయన బాధ. అత్త సుభద్రమ్మ ఊరుకోబట్టి సాగుతోంది. ఆటో మానిపించడానికి ఒక్క సాకు దొరికితే చాలునని ఆయన కాచుకుని ఉన్నాడని ఊరందరికీ తెలుసు.

నిరుటి దసరాకు వాళ్ళింట్లో ఆయుధపూజ చేసుకున్నారు. ట్రాక్టరు, నరసింగరావు సరుకులు మోసే ఆటో, పద్మకుమారి ఆటో, నాగళ్ళు, పలుగులు, చివరికి చార్జర్లతో సహా అన్నీ వాకిట్లో వరుసగా పెట్టారు. నరసింగరావు ఆటోది నీళ్ళ బ్యాటరీ. దాని చార్జరుకు బావ తెల్ల చుక్క వేసి ఇచ్చాడు. సుభద్రమ్మ తలంటుకుని, మడి బట్ట కట్టుకుని, అన్నిటికీ పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టింది. చార్జర్లకు ముందునుంచే చుక్కలున్నాయి కదా, బొట్టుకు చోటు చూపించినట్టే ఉంది. సరిగ్గా ఆ చుక్కల మీదే పెట్టింది. తెల్ల చుక్క పసుపు కిందకు పోయింది. దాని మీద ఎర్రటి బొట్టు నిలిచింది.

మన దేశంలో ఎర్ర రంగును ఆనవాలుగా ఎంచుకున్నవాడికి దసరా పండుగ గుర్తుకు రాకపోవడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అతనికీ రాలేదు, మా చెల్లెలికీ రాలేదు, మెచ్చుకున్న నాకూ రాలేదు.

భోజనాలయ్యాక పద్మకుమారి ఆటోకు చార్జింగు పెట్టింది. ఎర్ర బొట్టు చూసుకుని మరీ పెట్టింది. సుభద్రమ్మ ఆ పక్కనే అరుగు మీద నడుం వాల్చింది. కాసేపటికి సీటు కింద నుంచి పొగ వచ్చింది. కోడల్ని పిలిచేలోగా తానే లేచి వెళ్ళి వైరు పట్టుకుని లాగింది ఆ పెద్దావిడ. అప్పుడే మంట లేచింది. కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. శ్రీకాకుళం తీసుకెళ్ళి ఆస్పత్రిలో చేర్చారు. ప్రాణానికి భయం లేదన్నారు గానీ వేళ్ళు మునుపటిలా ముడుచుకోవడం కష్టమన్నారు.

మర్నాడు కబురొస్తే బావ వెంట నేనూ వెళ్ళాను. వాకిలి నిండా జనం. ఆటో వెనక భాగం నల్లగా మాడిపోయి ఉంది. పద్మకుమారి పాక స్తంభాన్ని ఆనుకుని నిలబడింది, ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయి ఉంది.

నరసింగరావు ఆ చార్జరును తెచ్చి బావ చేతిలో పెట్టాడు. "సూడండి సావుకారూ. సార్జరు తప్పయితే మీతోనే తేల్సుకుంటాను. అది కాక ఇది సేసిన పనైతే మాత్రం, ఈ రోజుతో ఆటో సరి. ఇంట్లో కూసుంటాది" అన్నాడు అందరికీ వినపడేలా.

బావ నరసింగరావుకు వీపు పెట్టి పాక వైపు తిరిగి, చార్జరును తిరగేసి, బొటనవేలితో పసుపు తుడిచాడు. కింద తెల్ల చుక్క. పక్కనున్న నేనూ చూశాను. చార్జరు నిక్షేపంలా ఉంది, అది పెట్టవలసిన బండి వేరు, అంతే. వానల్లో తిరిగిన ఆటోలో కాపలా బోర్డు ఎప్పుడో పోయి ఉండాలి. బావ తలెత్తాడు. పద్మకుమారి అతన్నే చూస్తోంది. ఆ చుక్క ఆమెకూ కనపడింది. అప్పటిదాకా ఆమెకు కారణం తెలియదు. ఆ క్షణంలో తెలిసింది. ఆమె ముఖంలో రక్తం లేదు.

బావ చార్జరును సంచిలో వేసుకున్నాడు. "లోపల పార్టు పోయింది. నేనిచ్చిన సరుకే సెడ్డది. ఆ పిల్ల తప్పేటీ లేదు" అన్నాడు.

జీవితంలో వ్యాపారం మీద అతను ఆడిన మొదటి అబద్ధం అది. ఎంత తేలిగ్గా ఆడాడంటే, నిజం తెలిసిన నేనే ఒక్క నిమిషం నమ్మాను.

తిరుగుదారిలో స్కూటరు మీద వెనక కూర్చుని అతని చెవిలో అరిచాను. "ఏటి బావా నువ్వు సేసింది? మంచి సరుకుని నీ నోటితో నువ్వే సెడ్డదంటావా? పేటంతా ఏటనుకుంటాది?"

"ఆ పిల్ల మొహం సూసినావా?" అన్నాడు.

"సూసినాను. నీ మొహం నువ్వు సూసుకో ముందు."

"ఇప్పుడు మానిపించేస్తే దాన్ని మరింక ఎక్కనివ్వరు బావా. సార్జరుకేటి, ఆ రకం మానేసి ఇంకో రకం తెస్తాను. సరిపోతాది."

అతని అంచనా అది. జనం ఆ ఒక్క రకాన్నే తప్పుపడతారనుకున్నాడు. ఊళ్ళో మాట అలా కొలతగా నడుస్తుందని అనుకునేవాడు వ్యాపారి ఎలా అయ్యాడో నాకు తెలియదు.

పద్మకుమారి ఆటో బాగుపడి రోడ్డెక్కింది. సుభద్రమ్మ కట్టుతో ఇంటికొచ్చింది. ఇక్కడ బావ కొట్టుకు చార్జర్లు తిరిగి రావడం మొదలైంది. ఎర్ర చుక్కవీ, తెల్ల చుక్కవీ, ట్రాక్టరువీ అన్నీ. తెచ్చినవాళ్ళెవరూ గొడవ చేయలేదు, అదే ఎక్కువ బాధ. "మీరే సెప్పినారంట గదా సావుకారూ, సెడ్డవని. మాకు పసి గుంటలున్నారు, బయమేస్తన్నాది" అని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవారు. అటునుంచి అటే హైవే పక్క కొట్టుకు వెళ్ళి లైట్ల పెట్టెలు కొనుక్కునేవారు.

అలా కొన్నవాళ్ళలో ఒకడు సూరయ్య. పాతకాలపు ఖాతాదారు, తెల్ల చుక్క చార్జరు వెనక్కిచ్చినవాడు. ఒకరోజు కొత్త పెట్టె పట్టుకొచ్చి, వాసనొస్తోంది, ఒక్కసారి చూడమన్నాడు. ప్లగ్గు కరిగి వంకర తిరిగి ఉంది. వైరు దారంలా సన్నం. నిండాక ఆగే ఏర్పాటు లోపల లేనే లేదు, పైన లైటు మాత్రం రంగు మారుతుంది.

"ఇది ఎక్కడెట్టి ఎక్కిస్తన్నావు?" అని అడిగాడు బావ.

"బొంత మీదెట్టి బాబూ. గచ్చు మీదైతే సెమ్మ గదా" అన్నాడు సూరయ్య.

ఆ పూట బావ అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. మా చెల్లెలు కంచం తీస్తూ అంది, "ఒక ఇంట్లో కోడల్ని కాసినారు, బాగుంది. ఇప్పుడు ఊరూరా పొయ్యిలు పెట్టినట్టున్నారు." మామూలుగా అయితే నేను అతన్ని వెనకేసుకుని రాను, కానీ ఆ రోజు చెల్లెలి మీద కోప్పడ్డాను. ఆమె అన్నది నిజం కావడమే నా కోపానికి కారణం.

నిజం చెబితే తప్ప ఆ చార్జర్లు ఇళ్ళకు తిరిగి వెళ్ళవు. నిజం చెబితే పద్మకుమారి ఇంట్లో కూర్చోవాలి. ఈ రెండిటి మధ్యా కొన్నాళ్ళు నలిగి, చివరికి ఆమె దగ్గరికే వెళ్ళాడు. ఆమె వాకిట్లో పిల్లల్ని దించి వచ్చిన ఆటోను తుడుచుకుంటోంది.

"అమ్మా, నేను నిజం సెప్పాలి. నిన్నడక్కుండా సెప్పకూడదని వచ్చినాను" అన్నాడు.

పద్మకుమారి గుడ్డ కింద పెట్టింది. "నాను రోజూ సెప్దామనే అనుకుంటన్నాను బాబూ. మా అత్త సెయ్యి సూసినప్పుడల్లా నోరు పడిపోతన్నాది. మీరు సెప్పకండి. నానే సెప్తాను."

చెప్పింది. నరసింగరావును బయటికి పిలిచి, అత్త ముందర నిలబడి, "తెల్ల సుక్క సార్జరు పెట్టింది నాను. సావుకారు నా కోసం అబద్దమాడినారు" అంది. అంతే, సంజాయిషీ ఏమీ చెప్పుకోలేదు.

నరసింగరావు కళ్ళెర్రజేశాడు. "అదే అనుకున్నాను. తాళం ఇటియ్యి" అని చెయ్యి చాచాడు.

సుభద్రమ్మ మంచం మీద నుంచే అడ్డుపడింది. "ఉండొరే. ఆ బొట్టు ఎట్టింది ఎవలు? నాను గాదేటి? తప్పుకి తాళం తీసుకోవాలంటే ముందు నా బీరువా తాళం తీసుకో. ఆటో ఆపేస్తే నన్ను కట్టు మార్సడానికి రోజూ పేట నువ్వు తీసికెల్తావేటి?"

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ రోజు నుంచీ మరదలితో మాట్లాడటం మానేశాడు. ఆటో మాత్రం ఆగలేదు. సగం గండం గడిచిందని నేను ఊపిరి పీల్చుకున్నాను. రెండో సగమే అసలుదని నాకు తెలియదు.

ఆదివారం పొద్దున్న తిరిగొచ్చిన చార్జర్లన్నీ పద్మకుమారి ఆటోలో వేసుకుని ముగ్గురం బయలుదేరాం. ఎర్ర చుక్క, తెల్ల చుక్క తీసేసి, ఈసారి బండికి కట్టిన గొలుసుకే చార్జరును కట్టి ఇవ్వాలని బావ నిర్ణయం. ప్రతి గుమ్మం దగ్గరా పద్మకుమారి దిగి తన తప్పు తానే చెప్పుకుంది. కొందరు జాలిపడి పుచ్చుకున్నారు. సూరయ్య మారు మాట్లాడకుండా పుచ్చుకున్నాడు. కొందరు ఆలోచిస్తామన్నారు. వాళ్ళ ముఖాలు చూస్తే తెలుస్తూనే ఉంది, ఆలోచించరు.

చివర గిరిబాబు ఇల్లు. పాల వ్యాపారం, బ్యాటరీ స్కూటరు. ఆ స్కూటరు బ్యాటరీ ఊడదీసి ఇంట్లో పెట్టి ఎక్కించుకునే రకం. తలుపు తీసి ఉంది. లోపల గదిలో ఇద్దరు పిల్లలు చాప మీద బొమ్మలకు రంగులు వేసుకుంటున్నారు. వాళ్ళ తలల పక్కనే బ్యాటరీ, లైట్ల పెట్టె మెరుస్తూ ఉన్నాయి. రాత్రి పడుకునేదీ ఆ చాప మీదేనట.

పద్మకుమారి చెప్పింది, బావ చెప్పాడు. గిరిబాబు ఓపిగ్గానే విన్నాడు. విని, "సావుకారూ, ఆ రోజు నాను నరసింగరావు వాకిట్లోనే ఉన్నాను. మీ సరుకు సెడ్డదని మీరే సెప్పినారు. మీరు సెప్పినారు గనక నమ్మినాను. మీ మాట మీదే ఇది కొన్నాను. ఇప్పుడు వచ్చి కాదంటన్నారు. మీ మాటల్లో ఏది నమ్మాలో నాకు తెలీటం నేదు" అన్నాడు.

"నాది పుచ్చుకోవద్దు. అది మాత్రం గుంటలు పడుకునే గదిలో పెట్టకు. బయట అరుగు మీద పెట్టు, అంతే నేనడిగేది" అన్నాడు బావ.

"ఇది నిజమేనా?" అన్నాడు గిరిబాబు.

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. మా బావ మాటకు ఇంకొకరి సాక్ష్యం కావలసి రావడం నేను ఎన్నడూ చూడలేదు. గిరిబాబును నాలుగు దులుపుదామని ముందుకు వెళ్ళాను. బావ నన్ను పక్కకు నెట్టి, వెళ్ళి ఆ ఇంటి గుమ్మంలో, గడప పక్కన చతికిలబడ్డాడు.

మా వైపు షావుకారు గుమ్మంలో కూర్చున్నాడంటే అర్థం ఒక్కటే. ఆ ఇంటివాడు బాకీ ఎగ్గొట్టాడు. అంతకంటే పరువు తక్కువ పని ఇంటివాడికి లేదు, కూర్చున్నవాడికీ లేదు. మా బావ నిజమైన బాకీల కోసం కూడా ఒక్కనాడు ఎవరి గుమ్మంలోనూ కూర్చోలేదు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు వదిలేసి చూస్తున్నారు. ఎదురింటివాడు బయటికొచ్చాడు.

"లెగండి సావుకారూ, మంది సూస్తన్నారు. నాను మీకేటి బాకీ?" అన్నాడు గిరిబాబు గొంతు తగ్గించి.

"ఏటీ లేదు."

"మరెందుకు కూసున్నారు?"

"అవి బయటికొచ్చేదాకా కూసుంటాను."

గిరిబాబు ముఖం కందిపోయింది. లోపలికి విసురుగా వెళ్ళి, బ్యాటరీనీ పెట్టెనూ తెచ్చి అరుగు మీద దభీమని పెట్టాడు. పిల్లలు రంగు పెన్సిళ్ళు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి చూస్తున్నారు.

"అయిందా? మీకూ మాకూ ఇంకేటీ నేదు. మరింక మా గడప తొక్కకండి" అన్నాడు.

"తొక్కను" అన్నాడు బావ. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, పంచె దులుపుకుని వచ్చి ఆటో ఎక్కాడు.

పద్మకుమారి ఆటో తిప్పింది. వీధి మలుపు దగ్గర నేను వెనక్కి తిరిగి చూశాను. అరుగు మీద పెట్టె ఉంది, దాని ముందు ఎదురింటివాడు గిరిబాబును ఏదో అడుగుతున్నాడు.

"రేపు మల్లీ లోపలెట్టేస్తాడు బావా" అన్నాడు నగరేశ్వరరావు.

"రేపు కూడా వచ్చి కూసుందాం. నేను కూసుంటాను" అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు. "మనల్ని సూస్తే తలుపేసుకుంటాడు. గుంటలు లోపలే ఉంటారు" అని, కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అతని మీద కోపం లేకుండా అతని పక్కన నేను చేసిన ప్రయాణం అదొక్కటే. ముందు పద్మకుమారి ఆటోను నెమ్మదిగా నడుపుతోంది. గిరిబాబు పుచ్చుకోక చేతిలో మిగిలిపోయిన చార్జరును ఎక్కడ పెట్టాలో తెలియక నేను ఒళ్ళోనే పట్టుకుని కూర్చున్నాను.